ఉత్తుత్తి లీగుల ప్లేఆఫ్స్ చరిత్ర: బుక్ క్రికెట్ నుంచి సెల్‌ఫోన్ దాకా

మైదానంలో ఎవరూ ఆడకుండా, పాచికలతోనో కంప్యూటర్‌తోనో నడిచే ఆటల పోటీని సిమ్యులేటెడ్ లీగ్ అంటారు. మన మాటలో ఉత్తుత్తి లీగు. ఇవి అమెరికాలో బేస్‌బాల్ చుట్టూ పెరిగాయి, అక్కడ వీటికి డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మన దగ్గరికి మాత్రం క్రికెట్ వేషంలో, నేరుగా సెల్‌ఫోన్‌లోకే వచ్చాయి. నంద్యాలలోనైనా, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలోనైనా ఐపీఎల్ ప్లేఆఫ్స్ మామూలుగా వచ్చేది వేసవి సెలవుల్లో. పిల్లలు ఇంట్లో ఉంటారు, అబ్బాదో అమ్మీదో ఫోను వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ఫోనులో కనిపించే లీగుల్లో ఏది లెక్కల సరదా, ఏది జూదం, ఏది ఏకంగా మోసం అన్నది తెలియాలంటే వీటి పుట్టుక నుంచి చూసుకుంటూ రావాలి. అందులోనూ ప్లేఆఫ్స్ సంగతి ముఖ్యం. ఈ లీగుల్లో అదృష్టం వాటా బాగా పెరిగేది అక్కడే, డబ్బు వల విసిరేదీ అక్కడే.

మనింటి ఉత్తుత్తి లీగు: బుక్ క్రికెట్

అమెరికా దాకా పోకముందు మన బళ్లలో ఆడిన ఆటను గుర్తు చేసుకోవాలి. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని బుక్ క్రికెట్ ఆడనివాళ్లు ఆ తరంలో తక్కువ. పుస్తకం మూసి, ఎక్కడో ఒకచోట తెరవాలి. ఎడమ చేతి పేజీ నంబరులో చివరి అంకె చూడాలి. 2, 4, 6 వస్తే అన్ని పరుగులు. 8 వస్తే కొందరికి పరుగు లేదు, కొందరికి ఒకటి. 0 వస్తే ఔట్.

ఎడమ పేజీ ఎప్పుడూ సరి సంఖ్యే కాబట్టి వచ్చేవి అయిదు అంకెలే. 8కి పరుగు లేదనుకుంటే ఒక వికెట్టుకు సగటున 12 పరుగులు, పది వికెట్లకు 120 పరుగులు వస్తాయి. 8ని ఎనిమిది పరుగులుగానే లెక్కేసుకుంటే ఇన్నింగ్స్ సగటు 200. అంటే అప్పట్లో చివరి బెంచీ కుర్రాళ్లు తెలియకుండానే నమ్మదగ్గ స్కోర్లు పుట్టించే యంత్రం ఒకటి తయారు చేసుకున్నారు.

అయితే ఈ ఆటలో ఒక లోటుంది. అక్కడ టెండూల్కర్ అయినా, పదకొండో నంబరు బౌలర్ అయినా ఒకటే. పేజీ నంబరుకు బ్యాట్స్‌మన్ ఎవరో తెలియదు. ప్రతి ఆటగాడి ప్రతిభ స్కోరులో కనిపించేలా చేయడం ఎలా అన్న ప్రశ్నకు అమెరికాలో ఇద్దరు జవాబు కనిపెట్టారు.

పాచికలు, కార్డులు, ఆ తర్వాత కంప్యూటర్

1951లో డిక్ సైట్జ్ అనే ఆయన ఏపీబీఏ అనే ఆటను అమ్మకానికి తెచ్చాడు. నిజమైన బేస్‌బాల్ ఆటగాళ్లకు ఒక్కొక్కరికి ఒక కార్డు. పాచికలు వేసి, వచ్చిన అంకెను ఆ కార్డులో వెతికితే ఆ బంతికి ఏం జరిగిందో తెలుస్తుంది. పదేళ్ల తర్వాత, 1961లో, హాల్ రిచ్‌మన్ స్ట్రాట్-ఓ-మాటిక్ అనే ఆటను తెచ్చాడు. ఇందులో తెలివైన మలుపు ఒకటుంది. మూడు పాచికల్లో ఒకదానిపై 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి, 4, 5, 6 పడితే బంతి వేసేవాడి కార్డు చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఆ కార్డులో ఏ వరుస చూడాలో చెబుతుంది. కొట్టేవాడి బలం సగం, విసిరేవాడి బలం సగం అన్నమాట. నిజమైన ఆటగాడి కిందటేడాది లెక్కలను బట్టి ఆ కార్డు తయారవుతుంది కనుక, సీజన్ మొత్తం ఆడిస్తే వాడి అంకెలు నిజానికి దగ్గరగానే వస్తాయి.

బేస్‌బాల్ తెలియనివాళ్లకు ఒక మాట. ఇందులో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురు ఔటైతే అవతలివాళ్ల వంతు. అమెరికా పెద్ద లీగులో ఒక జట్టు ఏడాదికి 162 మ్యాచులు ఆడుతుంది. పాచికలతో అన్ని మ్యాచులు ఆడించాలంటే ఓపిక కావాలి. అందుకే కంప్యూటర్లు రాగానే ఈ ఆటలు వాటిలోకి దూరాయి. 1999లో మార్కుస్ హైన్‌జోన్ అనే జర్మన్ తయారు చేసిన అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ వీటిలో పేరు మోసింది. బేస్‌బాల్‌ను పెద్దగా పట్టించుకోని జర్మనీ నుంచి ఇది రావడం విచిత్రమే.

ఆన్‌లైన్ లీగు నడిచే తీరు ఇలా ఉంటుంది. ఒకరు కమిషనర్. మిగతావాళ్లు తలా ఒక జట్టుకు యజమానులు. ప్రతి యజమానీ తన జట్టులో ఎవరు ఆడాలో, ఎవరిని అమ్మాలో, ఎవరిని కొనాలో రాసి కమిషనర్‌కు పంపుతాడు. చెప్పిన రోజుకు కమిషనర్ కంప్యూటర్‌లో వారం రోజుల మ్యాచులనో, అంతకంటే ఎక్కువో ఒకేసారి ఆడించి ఫలితాలు అందరికీ ఇస్తాడు. ఆటలో సీజన్లు గడిచేకొద్దీ ఆటగాళ్లు ముసలివాళ్లై రిటైరవుతారు, కొత్తవాళ్లు పుట్టుకొస్తారు. అలా ఏళ్ల తరబడి నడిచే లీగుల్లో పేరుకు ఒక్క నిజమైన ఆటగాడు కూడా మిగలడు. అయినా ఫలానా సీజన్ ఫైనల్లో ఎవరు ఎవరిని ఓడించారో నడిపేవాళ్లు రికార్డు రాసి పెట్టుకుంటారు. వీళ్ల లీగుకు చరిత్ర అంటే ప్లేఆఫ్స్ జాబితాయే.

అసలు ప్లేఆఫ్స్ ఎందుకు?

ఉత్తుత్తి లీగులు నిజమైన లీగుల పద్ధతినే దించుకుంటాయి. అమెరికా బేస్‌బాల్‌లో రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ 1903లో మొదలైంది. 1969 దాకా లీగులో మొదటి స్థానంలో నిలిచిన జట్టు నేరుగా అక్కడికే వెళ్లేది. ఆ ఏడు ఒక్కో లీగును రెండుగా విడదీసి మధ్యలో ఇంకో మెట్టు పెట్టారు. 1995 నుంచి మొదటి స్థానం దక్కనివాళ్లకూ వైల్డ్ కార్డ్ పేరుతో దారి తెరిచారు. 2022 నుంచి 30 జట్లలో 12 ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాయి. ప్రతి మార్పు వెనకా కారణం ఒకటే: సీజన్ చివరిదాకా ఎక్కువ ఊళ్ల జనం ఆశ పెట్టుకుని కూర్చోవాలి, టీవీ చూడాలి.

నిజమైన ప్లేఆఫ్స్ ఆగిపోయినప్పుడు ఉత్తుత్తి ప్లేఆఫ్స్‌కు గిరాకీ వచ్చిన సందర్భాలున్నాయి. 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మెకు దిగారు, సెప్టెంబరు 14న వరల్డ్ సిరీస్‌ను రద్దు చేశారు. 1904 తర్వాత ఆ పోటీ జరగని ఏడాది అదొక్కటే. మిగిలిపోయిన మ్యాచులను కంప్యూటర్లలో ఆడించి, జరిగి ఉంటే ఎవరు గెలిచేవారో అభిమానులు లెక్కలు తీశారు.

2020లో కరోనా వచ్చి మైదానాలు మూతపడ్డప్పుడు ఇంకో వింత జరిగింది. 30 జట్ల నుంచి ఒక్కొక్క నిజమైన ఆటగాడు ఇంట్లో కూర్చుని వీడియో గేమ్‌లో తన జట్టు తరఫున ఆడాడు. ఏప్రిల్‌లో మొదలై, ప్రతివాడూ మిగతా 29 మందితో ఒక్కో మ్యాచు ఆడాక, మొదటి ఎనిమిది మంది ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. మే 3న ఫైనల్లో టాంపా బే జట్టు బౌలర్ బ్లేక్ స్నెల్ గెలిచాడు. అదే ఏడు అక్టోబరులో నిజమైన వరల్డ్ సిరీస్‌కూ టాంపా బే వచ్చింది. ఆరో మ్యాచులో స్నెల్ బాగా విసురుతుండగానే 73 బంతులకే అతన్ని తప్పించారు. జట్టు ఓడింది. అంకెల లెక్క చూసి తీసుకున్న ఆ నిర్ణయం మీద అమెరికాలో వాదనలు ఇప్పటికీ తెగలేదు.

రెండో కొమ్మ: రోటిసరీ లీగు

ఇప్పటిదాకా చెప్పింది పూర్తిగా ఉత్తుత్తి ఆట. దీనికి పక్కనే ఇంకో కొమ్మ మొలిచింది. మనకు ఫాంటసీ క్రికెట్‌గా వచ్చింది అదే. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే పత్రికా రచయిత తన స్నేహితులతో కలిసి ఒక కొత్త లీగు నడిపాడు. వాళ్లు కలుసుకునే న్యూయార్క్ హోటల్ పేరు మీద దానికి రోటిసరీ లీగ్ అని పేరొచ్చింది. ఇందులో పాచికలు లేవు. నిజమైన ఆటగాళ్లను వేలంలో పంచుకుంటారు. ఆ ఆటగాళ్లు ఆ సీజన్‌లో మైదానంలో నిజంగా ఏం చేస్తే అవే నీ జట్టు పాయింట్లు. ఈ ఆటను కనిపెట్టిన ఓక్రెంట్ అందులో ఒక్కసారి కూడా గెలవలేదని చెప్పుకుంటారు.

మొదట్లో దీనిలో ప్లేఆఫ్స్ లేవు. ఆరు నెలల సీజన్ మొత్తం కూడిక వేసి ఎవరు ముందుంటే వాళ్లే విజేత. తర్వాత వారానికి ఇద్దరు తలపడే పద్ధతి వచ్చింది, దాంతోపాటు సీజన్ చివరి వారాల్లో ప్లేఆఫ్స్ వచ్చాయి. సరదా పెరిగింది, న్యాయం తగ్గింది. అయిదు నెలలు ముందున్నవాడు తన ప్రధాన ఆటగాడికి ఒక్క వారం కాలు బెణికితే ఇంటికి పోతాడు.

చిన్న పోటీలో అదృష్టం ఎంత?

ఇది ఊహ కాదు, ఇంటర్ పిల్లలకు తెలిసిన లెక్కే. ఒక జట్టు అవతలి జట్టుకంటే స్పష్టంగా మెరుగైనది, పది మ్యాచుల్లో ఆరు గెలిచే సత్తా ఉంది అనుకుందాం. ఒకే మ్యాచు ఆడితే అది గెలిచే అవకాశం 60 శాతం. మూడు మ్యాచుల సిరీస్ పెడితే 65 శాతం. అయిదు మ్యాచులకు 68. ఏడు మ్యాచులు పెట్టినా 71 దాటదు. అంటే వరల్డ్ సిరీస్ లాంటి ఏడు మ్యాచుల పోటీలో కూడా మంచి జట్టు పదికి మూడుసార్లు ఓడిపోతుంది. తేడా ఇంకా తక్కువైతే, నూటికి 55 మాత్రమే గెలిచే జట్టైతే, ఏడు మ్యాచుల్లోనూ దాని అవకాశం 61 శాతమే.

ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో సిరీసులు లేవు, అన్నీ ఒక్క మ్యాచు పోటీలే. ఆ లోటు పూడ్చడానికే 2011లో సెమీఫైనల్స్ తీసేసి ఇప్పటి పద్ధతి పెట్టారు. పట్టికలో మొదటి రెండు జట్లు మొదటి క్వాలిఫయర్ ఆడతాయి, ఓడినదానికి ఇంకో అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాలవి ఎలిమినేటర్ ఆడతాయి, ఓడితే అంతే. నాలుగు జట్లూ సమానమే అనుకుంటే పై రెండింటికీ కప్పు గెలిచే అవకాశం చెరి 37.5 శాతం, కింది రెండింటికీ చెరి 12.5. నిజంగా జరిగింది చూస్తే 2011 నుంచి 2025 వరకు 15 కప్పుల్లో 14 మొదటి రెండు స్థానాలవాళ్లే గెలిచారు. వాళ్లలోనూ రెండో స్థానంవాళ్లు తొమ్మిదిసార్లు, మొదటి స్థానంవాళ్లు అయిదుసార్లే. నాలుగో స్థానం నుంచి ఒక్కరూ లేరు. మిగిలిన ఆ ఒక్క కప్పు హైదరాబాద్‌ది.

హైదరాబాద్ జట్ల ఖాతా

రాయలసీమ కుర్రాళ్లలో ఎక్కువ మందికి ఐపీఎల్ అంటే హైదరాబాద్ జట్టే. దాని ప్లేఆఫ్స్ చరిత్ర పైన చెప్పిన లెక్కకు ఎదురు నిలిచినట్టు ఉంటుంది.

2008లో డెక్కన్ ఛార్జర్స్ పట్టికలో అట్టడుగున నిలిచింది. 2009లో పోటీలు దక్షిణాఫ్రికాకు మారాయి. డెక్కన్ నాలుగో స్థానంలో సెమీఫైనల్‌కు వచ్చింది. మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీ మీద కెప్టెన్ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. రెండు రోజుల తర్వాత, మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. అదే గిల్‌క్రిస్ట్ కుంబ్లే బౌలింగ్‌లో సున్నాకు ఔటయ్యాడు. అయినా డెక్కన్ 143 పరుగులు చేసి, బెంగళూరును 137 దగ్గర ఆపి, 6 పరుగులతో కప్పు గెలిచింది. ఒకే మనిషి, రెండు రోజుల తేడా, 85 ఒకచోట, 0 ఒకచోట. ఫాంటసీ ఆటలో కెప్టెన్‌గా ఎవరిని పెట్టుకోవాలో ముందే తెలుసునని చెప్పేవాళ్లు ఈ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 2010లో డెక్కన్ మళ్లీ సెమీఫైనల్ దాకా వచ్చి చెన్నై చేతిలో ఓడింది.

2013లో ఆ జట్టు స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది. మొదటి ఏడే ఎలిమినేటర్ దాకా వెళ్లి రాజస్థాన్ చేతిలో ఓడింది. 2016లో మూడో స్థానంలో నిలిచి, ఎలిమినేటర్‌లో కోల్‌కతాను, రెండో క్వాలిఫయర్‌లో గుజరాత్ లయన్స్‌ను ఓడించి, మే 29న బెంగళూరు సొంత మైదానంలో బెంగళూరునే 8 పరుగులతో ఓడించింది. ఆ సీజన్‌లో కోహ్లీ 973 పరుగులు చేశాడు, కప్పు మాత్రం వార్నర్ ఎత్తుకున్నాడు. 2017లో ఎలిమినేటర్‌లోనే ఇంటికి. 2018లో పట్టికలో మొదటి స్థానం, ఫైనల్లో చెన్నై వాట్సన్ 117 నాటౌట్, ఓటమి. 2019 ఎలిమినేటర్ విశాఖపట్నంలోనే జరిగింది, అందులోనూ ఢిల్లీ చేతిలో ఓడింది. 2020లో రెండో క్వాలిఫయర్ దాకా. 2024లో పరుగుల వరద పారించిన జట్టు చెన్నైలో జరిగిన ఫైనల్లో 113కే ఆలౌటై కోల్‌కతాకు కప్పు అప్పజెప్పింది. 2025లో ప్లేఆఫ్స్‌కే రాలేదు.

ఆటలో డబ్బు చేరాక

ఓక్రెంట్ స్నేహితుల లీగు ఒక సీజన్ పాటు నడిచేది. మన ఫోన్లలోకి వచ్చిన ఫాంటసీ క్రికెట్ ఒక్క మ్యాచుది. 2008లో మొదలైన డ్రీమ్11 ఈ పద్ధతిలో పెద్దదైంది. 100 క్రెడిట్లలో 11 మందిని ఎంచుకోవాల్సి ఉండేది. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. పైన చూసిన లెక్క ప్రకారం ఆట ఎంత చిన్నదైతే అదృష్టం వాటా అంత పెద్దది. ఒక్క మ్యాచు, అందులో ఒక్క మనిషికి రెట్టింపు అంటే ఆ వాటా తారస్థాయికి వెళ్లినట్టే. దానికి తోడు లక్షల మంది చేరే పోటీలో పై బహుమతి దక్కేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే. మిగతావాళ్లు పెట్టిన డబ్బులోంచే ఆ బహుమతులూ, కంపెనీ వాటా కూడా వచ్చేవి.

ఇది నైపుణ్యమా, జూదమా అన్న తగువు కోర్టుల్లో చాలా కాలం నడిచింది. దాని మూలం కూడా మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో కోర్టు అంది. అర్ధ శతాబ్దం తర్వాత ఫాంటసీ కంపెనీలూ అదే వాదన పట్టుకున్నాయి, 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు డ్రీమ్11 వైపు తీర్పిచ్చింది. అదే ఏడు తెలంగాణ ప్రభుత్వం మాత్రం ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం సవరించింది.

ఆంధ్రప్రదేశ్ వంతు 2020లో వచ్చింది. సెప్టెంబరు 3న మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది, 25న ఆర్డినెన్స్ వచ్చింది, ఏడాది చివరికి అది 1974 నాటి గేమింగ్ చట్టానికి సవరణ అయ్యింది. నడిపేవాళ్లకు మొదటిసారి ఏడాది జైలు, మళ్లీ దొరికితే రెండేళ్లు, ఆడేవాళ్లకు ఆరు నెలల వరకు అని అప్పుడు ప్రభుత్వం ప్రకటించింది. సరిగ్గా అదే సమయంలో యూఏఈలో ఐపీఎల్ నడుస్తోంది. ఆ సీజన్‌కు టైటిల్ స్పాన్సర్ 222 కోట్లు పెట్టిన డ్రీమ్11. సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్ ఆడుతుంటే టీవీ నిండా ఆ పేరే. అదే యాప్‌లో ఆళ్లగడ్డ కుర్రాడు యాభై రూపాయలు పెట్టి ఆడితే నేరం. పక్కన బెంగళూరులో చదువుకునే అతని అన్నకు అప్పట్లో ఆ అడ్డు లేదు. ఆ తికమకలో లొకేషన్ మార్చి ఆడేవాళ్లు పుట్టారు. ఓడిన డబ్బు వెంటనే పోయేది. గెలిస్తే మాత్రం గుర్తింపు పత్రాల్లో ఆంధ్రా చిరునామా అడ్డొచ్చేది.

చివరికి కేంద్రం 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి, డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఒకటేనని ఈ చట్టం అంటుంది. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, 50 లక్షలు. కేవలం ఆడినవాళ్లకు ఇందులో శిక్ష లేదు. డబ్బు లేని సరదా ఆటలకూ, ఈ-స్పోర్ట్స్‌కూ అడ్డు లేదు. డ్రీమ్11 డబ్బు పోటీలను ఆపేసింది, భారత జట్టు జెర్సీ మీది నుంచి దాని పేరు పోయింది. కొన్ని కంపెనీలు చట్టాన్ని కోర్టుల్లో సవాలు చేశాయి.

మ్యాచే లేని మ్యాచులు

పేరున్న యాప్‌లు ఆపేశాక ఖాళీ స్థలంలోకి వచ్చేవి విదేశాల నుంచి నడిచే సట్టా యాప్‌లు. టెలిగ్రామ్ లింకులతో, వాట్సాప్ ఫార్వర్డులతో వస్తాయి. వీటిలో కొన్ని చోట్ల పూర్తిగా కంప్యూటర్ ఆడించే మ్యాచులు కూడా పెడతారు. జట్ల పేర్లు నిజమైనవే, స్కోరుబోర్డు నిజమైనదానిలాగే కదులుతుంది. కరోనా కాలంలో నిజమైన ఆటలు లేక బెట్టింగ్ వ్యాపారం పెంచిన రకం ఇది. జట్టు పేరు పక్కన ఎస్ఆర్ఎల్ అనో, వర్చువల్ అనో చిన్న అక్షరాలుంటే అది మైదానంలో జరుగుతున్న మ్యాచు కాదని అర్థం. అర్ధరాత్రి రెండింటికి హైదరాబాద్, చెన్నై ఆడుతున్నట్టు కనిపిస్తే అనుమానించాల్సిందే.

2022లో గుజరాత్‌లోని మోలిపూర్ గ్రామంలో బయటపడ్డ సంగతి దీనికంటే విడ్డూరం. పొలంలో మైదానం చదును చేసి, లైట్లు పెట్టి, 21 మంది కూలీలకు, పనిలేని కుర్రాళ్లకు రంగురంగుల జెర్సీలు తొడిగారు. మ్యాచుకు 400 రూపాయల కూలి. నెట్‌లో దొరికిన జనం కేకలు స్పీకర్లో పెట్టి, పేరున్న కామెంటేటర్ గొంతును అనుకరించేవాడిని కూర్చోబెట్టి, యూట్యూబ్‌లో ప్రసారం చేశారు. రష్యాలో ఉన్నవాళ్లు ఇదే ఐపీఎల్ అనుకుని పందాలు కాశారు. ఎప్పుడు ఫోర్ కొట్టాలో, ఎప్పుడు ఔటవ్వాలో సైగలతో చెప్పేవారు. పోలీసులు వచ్చేసరికి పోటీ క్వార్టర్ ఫైనల్స్ దాకా వచ్చింది. అసలు ఐపీఎల్ అప్పటికి ముగిసిపోయి వారాలు గడిచాయి.

ఇంట్లో ఆడుకోవాలంటే

సూరె మాయిదా 90వ ఆయత్ మైసిర్‌ను, అంటే జూదాన్ని, మద్యంతో కలిపి చెబుతుంది. ఆడేవాళ్లు తలా కొంత వేసుకుని, ఓడినవాళ్ల సొమ్ము గెలిచినవాడికి పోయే ఏ పద్ధతైనా, పది రూపాయలదైనా, ఆ కోవలోకే వస్తుందని ఉలమా అంటారు. ఆటలో తెలివి ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కేంద్ర చట్టం కూడా చివరికి అదే గీత దగ్గరికి వచ్చి ఆగడం గమనించదగ్గ విషయం. సందేహముంటే మొహల్లా మసీదు ఇమామ్‌ను అడగడం మేలు.

డబ్బు లేని లీగుకు అడ్డేమీ లేదు, లెక్కలూ అబ్బుతాయి. నంద్యాలలో నలుగురు, ఆళ్లగడ్డలో ఇద్దరు పిల్లలున్న కుటుంబమనుకుందాం. తలా ఒక జట్టు. ఒక్కొక్కరు మిగతా అయిదుగురితో రెండేసి మ్యాచులు ఆడితే మొత్తం 30 మ్యాచులవుతాయి. బుక్ క్రికెట్ లోటు తీర్చడానికి ఆటగాళ్లకు కార్డులు రాసుకోవచ్చు: మంచి బ్యాటర్‌కు రెండు పాచికల మొత్తం 2 వస్తేనే ఔట్, అంటే 36లో ఒక్క అవకాశం. మామూలు బ్యాటర్‌కు 2 లేదా 3 వస్తే ఔట్, 36లో మూడు. బౌలర్‌కు 7 వస్తే ఔట్, 36లో ఆరు. స్కోర్లు వాట్సాప్‌లో పంపుకోవచ్చు, కానీ పాచికలు వేసేటప్పుడు వీడియో కాల్ పెట్టుకోకపోతే తగువు తప్పదు. ప్లేఆఫ్స్‌కు నలుగురిని తీసుకుని, ఫైనల్ మూడు మ్యాచులదిగా పెడితే మంచి జట్టుకు కొంచెం న్యాయం జరుగుతుంది. గెలిచినవాళ్లకు దాదీ తన చేత్తో ఏదైనా ఇస్తే అది పందెం కాదు, బహుమతి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్న ఇల్లైతే ముందుగా చేయాల్సింది పిల్లవాణ్ణి తిట్టడం కాదు, ఖాతా చూడడం. చిన్న చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులు వరసగా, ఎక్కువగా రాత్రి ఏడున్నర తర్వాత, తెలియని పేర్లకు పోయి ఉంటే అనుమానించాలి. మ్యాచులు మొదలయ్యే వేళ అదే. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. అప్పుల భయంతో ఇంట్లో ఎవరైనా మాట్లాడడం మానేసి, తిండి మానేసి కూర్చుంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.